అక్కకు కట్టిన మూట

సన్నకత్తికి చేతనైన పనులు రెండు. ఎముక నుంచి మాంసాన్ని విడదీయడం ఒకటి, గొడవ నుంచి తనను తాను విడదీసుకోవడం రెండోది. మొదటిది బావ నేర్పాడు. రెండోదీ ఒక రకంగా బావ నేర్పిందే.

మాంసం కొట్టులో బావది పెద్దకత్తి. అది మొద్దు మీద పడితే వీధి మలుపులో పడుకున్న కుక్క చెవి కదిలేది. బామ్మర్దిది సన్నది. పదునుపెట్టీ పెట్టీ ఆకులా పల్చబడింది. కీలు ఎక్కడుందో దానికి ముందే తెలిసినట్టు లోపలికి జారేది. అందుకే కొట్టుకొచ్చేవాళ్ళు అతన్ని సన్నకత్తి అన్నారు. అసలు పేరు అడిగేవాళ్ళు లేక, అది ఎక్కడో మూలన పడి ఉండిపోయింది.

బావ నవ్వించి అమ్మే మనిషి.

"తొడ ఇమ్మంటావా వదినా, మెడ ఇమ్మంటావా? తలకాయ మాత్రం అడక్కు. నాది ఎప్పుడో మీ చెల్లెలి చేతిలో పెట్టేశా."

వదినలంతా నవ్వేవాళ్ళు. ఎంత మంచివాడో అనుకుంటూ పొట్లం పట్టుకుని వెళ్ళేవాళ్ళు. మధ్యాహ్నం షట్టరు దించేవాడు బావ. షట్టరును కొసకు పట్టి లాగడానికి ఒక ఇనప కడ్డీ ఉండేది, చివర కొక్కెంతో. దాన్ని కొట్టులో వదిలేస్తే ఎవరైనా ఎత్తుకుపోతారని భుజాన వేసుకుని ఇంటికి తెచ్చేవాడు. మెట్ల మీద ఆ కడ్డీ కొస గోడకు రాసుకుంటూ పైకొచ్చే చప్పుడు వింటే అక్క ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, తీగ పీకేసేది. ఒకసారి పీకడం మర్చిపోయింది. ఆ మచ్చ మోచేతి కింద పెట్టె మొన ఆకారంలోనే ఉంది.

అక్క ఇరుగుపొరుగు బట్టలు ఇస్త్రీ చేసేది. పెళ్ళై వచ్చినప్పుడు ఆమె వెంట ఒక ట్రంకుపెట్టె, ఆ పెట్టె వెనక ఒక తమ్ముడు వచ్చారు. అమ్మా నాన్నా లేని పిల్లాడు. బావ కాదనలేదు. అన్నం పెట్టాడు, పక్క చూపించాడు, చేతికి కత్తి ఇచ్చాడు. ఆ మాట బావ ఎన్నడూ మర్చిపోలేదు, ఎవర్నీ మర్చిపోనివ్వలేదు. అందుకే బావ చెయ్యి లేచినప్పుడల్లా సన్నకత్తి నోట్లో మాట గడ్డకట్టేది. కాళ్ళు మాత్రం కరిగి, గదిలోంచి జారుకునేవి.

జారుకునే చోటు కూడా ఒకటి దొరికింది. అతని గదిలో, కిటికీ కింద, ఎవరో పారేస్తే తెచ్చుకున్న పాత కంప్యూటరు ఉంది. అందులో ఒక ఆట. ఆ ఆటలో బొమ్మలు లేవు, రంగులు లేవు, చప్పుడు లేదు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు మాత్రమే. నువ్వు బూడిదకోట వాకిట్లో ఉన్నావు, గోడ మీద కాకులు ఉన్నాయి, ఉత్తరానికి, తూర్పుకు దారులు ఉన్నాయి, అని అక్షరాలే చెబుతాయి. ఎక్కడెక్కడి ఊళ్ళలోనో, ఎవరి గదుల్లో వాళ్ళు కూర్చున్న మనుషులు అదే వాకిట్లో నీ పక్కన నిలబడి ఉంటారు. ఉత్తరం వెళ్ళాలంటే ఉ అని కొట్టాలి. దక్షిణానికి ద, తూర్పుకు తూ, పడమరకు ప. మెట్లు ఎక్కడానికి ఎ, దిగడానికి ది. కత్తి దూయాలన్నా రాయాల్సిందే, చావాలన్నా చదవాల్సిందే.

"ఏంట్రా మాటిమాటికీ తూ తూ అని గొణుగుతావ్? ఎవరి మొహాన ఉమ్ముతున్నావ్?" అంది అక్క ఒకసారి, తలుపు దగ్గర బట్టల మూట దించుతూ.

"ఉమ్మడం కాదే, తూర్పు."

"తూర్పా. ఉమ్మినట్టే ఉంది. ఉమ్మాల్సిన మొహాలు ఇంట్లోనే ఉన్నాయిలే" అని నవ్వింది. నవ్వితే పెదవి చిట్లిన చోట నెత్తురు చుక్క మెరిసింది.

ఆ ఆటలో ఒక్కో అడుగూ రాసుకుంటూ పోయేవాడు బతకడు. తోడేళ్ళ అడవిలో ఆలోచించి అక్షరం కొట్టేలోపు తోడేలు గొంతు పట్టేస్తుంది. అందుకని ఆటగాళ్ళు అడుగులన్నీ వరసగా చేర్చి, ఒక్క మాట కింద కట్టేస్తారు. దాన్ని మూట అంటారు. ఉత్తరానికి మూడు, తూర్పుకు రెండు, కిందికి దిగు, మళ్ళీ పడమర, ఇదంతా కట్టి దానికి గాలి అని పేరు పెడితే చాలు. గాలి అని కొడితే చాలు, రెప్పపాటులో అడవి ఇవతల ఉంటావు. దారిలో ఏం దాటావో కూడా తెలియదు. చెట్లు, శవాలు, కాలువలు తెర మీద వానలా పైకి కొట్టుకుపోతాయి.

మూటలు కట్టడంలో సన్నకత్తిని మించినవాడు లేడు. కీలు వెతికే వేలే దారినీ వెతికేది. అతని వెనక ఎప్పుడూ ఓ గుంపు ఉండేది. వాళ్ళని తోక అనేవాళ్ళు, ఎందుకంటే ముందున్నవాడు ఎటు కదిలితే వాళ్ళూ అటే కదులుతారు. తోకలో గాయాలు మాన్పే ఒకాయన ఉన్నాడు. ఏ ఊరో, ఏం చేస్తాడో తెలియదు. అందరికీ తాతయ్య.

ఆటలో పిరికిగీత అని ఇంకోటి ఉంది. ఒంట్లో నెత్తురు ఆ గీత కిందికి దిగితే కాళ్ళు మనల్ని అడగవు, వాటంతటవే పరుగెడతాయి. గీత ఎక్కడ గీసుకోవాలో ఎవరి ఇష్టం వాళ్ళది. సన్నకత్తి చాలా పైన గీసుకున్నాడు. గోరు గీరుకున్నా పారిపోయేంత పైన.

"నీ గీత ఇంకాస్త పైకెళ్తే నువ్వు సత్రంలోంచి బయటికే రావురా మనవడా" అని రాసేవాడు తాతయ్య.

గోడ అవతల మొదలైనప్పుడు అతను ఇంకా వేగంగా కొట్టేవాడు. చప్పుడు లేని ఆట కదా, అవతలి చప్పుడంతా అందులోకే వచ్చేది. నీ కత్తి తోడేలు పక్కటెముకల్లో దిగింది అని తెర మీద అక్షరాలు వచ్చేవి. గోడ అవతల ఏదో మెత్తటిది గట్టిదానికి తగిలేది. తోడేలు కేక పెట్టింది. అవతల కేక ఉండేది కాదు. అక్క కేక పెట్టేది కాదు. ఆ నిశ్శబ్దం కోసమే అతను ఉత్తరం, ఉత్తరం, తూర్పు, దిగు అంటూ ప్రపంచం చివరి దాకా పరుగెత్తేవాడు.

అతని మొదటి పెద్ద తప్పు ఆటలోనే జరిగింది.

బూడిదకోటను పట్టుకోవాలని తోకంతా కలిసింది. కోట వాకిలి నుంచి రాజు గది దాకా సన్నకత్తి మూట కట్టాడు. వాకిలి దాటి తిన్నగా ఉత్తరానికి, తర్వాత కుడికి, అంటే తూర్పుకు, మెట్లు దిగి మళ్ళీ తిన్నగా. ఎన్నోసార్లు ఒంటరిగా నడిచి చూసుకున్న దారి. అందరూ వెనక నిలబడ్డారు. అతను మీట నొక్కాడు.

ఆ రోజు కోట కాపలావాళ్ళు వాకిలి మూశారు.

తెర మీద మొదటి వాక్యం అదే వచ్చింది, తలుపు మూసి ఉంది అని. కానీ మూట ఆగదు. దానికి చదవడం రాదు. మొదటి అడుగు పడకపోయినా రెండో అడుగు వేస్తుంది, మూడోది వేస్తుంది. వాకిలికి ఇవతల కూడా కుడివైపు ఒక దారి ఉంది. దిగడానికి మెట్లు కూడా ఉన్నాయి. ఆ మెట్ల కింద ఆకలితో కట్టేసిన వేటకుక్కలు ఉన్నాయి. అతను చదివేసరికి తోకంతా గోతిలో ఉంది. కుక్క తాతయ్య చెయ్యి పీకింది. కుక్క తాతయ్య కడుపు చీల్చింది. తాతయ్య చనిపోయాడు. ఒకరి తర్వాత ఒకరు. సన్నకత్తి మాత్రం చావలేదు. పిరికిగీత అతన్ని ముందే బయటికి లాగేసింది.

చచ్చినవాళ్ళు సత్రంలో ఒంటి మీద నూలుపోగు లేకుండా లేచారు. తిట్లు తెర నిండా పారాయి. తాతయ్య ఒక్కడే చివర్లో రాశాడు.

"తలుపు చూసుకోవాలి కదరా నాయనా. నీ వెనకున్నవాళ్ళం మేం దారి చూడం. నిన్నే చూస్తాం."

సన్నకత్తి సిగ్గుపడ్డాడు. వెంటనే మూట విప్పి, మొదట్లో తలుపు తెరువు అని ఒక మాట చేర్చి, మళ్ళీ కట్టేశాడు. పని అయిపోయిందనుకున్నాడు. మూసిన తలుపు వేరు, తాళం పడిన తలుపు వేరు అన్న ఆలోచన రాలేదు.

అక్క ఆ గదిలో కూర్చుంది ఒకే ఒక్కసారి. బావ తినేసి, చెయ్యి కడుక్కుని, ఆ చేత్తోనే కొట్టి, పడుకున్న మధ్యాహ్నం అది. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. రెండో కన్నుతో తెరను చూసింది.

"అందులో నిన్ను కొడతారా?"

"కొడతారు. చస్తా కూడా."

"చస్తే?"

"సత్రంలో లేస్తా. ఒంటి మీద ఏమీ ఉండదు. మళ్ళీ మొదలు."

"అదృష్టం" అంది అక్క. కాసేపు పైకి కొట్టుకుపోతున్న అక్షరాలు చూసింది. "ఒరేయ్ చిన్నోడా, నాకో మూట కట్టిపెట్టు."

అతని వేళ్ళు మీటల మీదే ఆగిపోయాయి.

"ఇక్కణ్ణుంచి బస్సు దాకా" అంది. "నా చిన్ననాటి స్నేహితురాలు లేదూ, లాండ్రీ పెట్టుకుంది. రమ్మంటోంది. చేతినిండా పనుందిట. గది కూడా ఉందిట. ఈసారి ఆయన నన్ను చంపేస్తాడ్రా. కోపంతో కాదు. అలవాటుగా చంపేస్తాడు. పొట్టేలుని కొట్టినట్టు, పాట పాడుకుంటూ."

"అక్కా..."

"నువ్వు ఆయన్ని ఆపు అని నేను అడగట్లేదు. ఆపలేవు. నాకు తెలుసు. దారి చెప్పు, చాలు. అది వచ్చు కదా నీకు."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. అందుకే ఎముక దాకా దిగింది.

బావ తెల్లవారుజామున కబేళాకు వెళ్ళినప్పుడల్లా ఇద్దరూ నడిచి చూసుకునేవాళ్ళు. వాళ్ళది పై అంతస్తు. వంటగది గడప దాటి ఎడమకు వరండా. రెండు వరసల మెట్లు. కింద పొడవాటి నడవా. దాని చివర ఇనప గేటు. పగలంతా గోడకు ఆనించి తెరిచే ఉంటుంది, దాన్ని మూసినవాళ్ళు లేరు. గేటు దాటి కుడికి తిరిగితే సందు. సందు గోడను చేత్తో రాసుకుంటూ పోతే చివర రెండు మెట్లు దిగుడు. దిగితే పెద్ద వీధి, ఎదురుగా బస్టాపు.

"కళ్ళు మూసుకుని నడువు" అన్నాడు అతను.

"ఎందుకు?"

"ఆయన ముందు కళ్ళ మీదే కొడతాడు కదా."

అక్క కళ్ళు మూసుకుంది. ఎడమ, దిగు, దిగు, తిన్నగా, కుడి, గోడ, రెండు మెట్లు. ఇస్త్రీ చేస్తూ అదే గొణిగేది. అంట్లు తోముతూ అదే. ఒకరోజు బావ విని "ఏంటే, మంత్రాలు నేర్చుకుంటున్నావా?" అంటే "మీ ఆయుష్షు కోసమే" అంది. బావకు ఆ జవాబు నచ్చింది. రోజంతా కొట్టులో చెప్పుకుని నవ్వాడు.

అక్క పాదాలు నేర్చుకున్నాయి. ఇక మనసుతో పని లేకుండా పోయింది. అతనికి గర్వంగా అనిపించింది. ఇంత బాగా కట్టిన మూట ఇంతకు ముందు లేదు అనుకున్నాడు.

అనుకున్న రోజు వచ్చింది. బావ కొట్టునుంచి రాగానే స్నానానికి వెళ్తాడు. నీళ్ళ గదిలో గొంతెత్తి పాడతాడు. పాట మొదలవగానే అక్క బయల్దేరాలి. సన్నకత్తి ఏదో పని ఉందని చెప్పి, ముందే ట్రంకుపెట్టెలోని బట్టల సంచితో బస్టాపులో ఉండాలి. ఇద్దరూ ఒకేసారి మాయమైతే బావకు అనుమానం వస్తుంది.

ఆ ఉదయం కొట్టు రద్దీగా ఉన్నప్పుడు ఇంటి యజమాని వచ్చాడు. చేతిలో కొత్త తాళం, మెరిసిపోతూ.

"నీళ్ళ మోటారు విప్పుకుపోయారయ్యా దొంగనాయాళ్ళు! దిమ్మ ఒక్కటే మిగిల్చారు. ఇవాళ్టి నుంచి గేటుకు తాళం. పగలూ రాత్రీ. ఇదిగో, మీ ఇంటికి రెండు" అని తాళంచెవులు మొద్దు మీద, నెత్తుటి పక్కన పెట్టాడు.

బావ ఒకటి జేబులో వేసుకున్నాడు. రెండోది సన్నకత్తి వైపు విసిరాడు. "పట్టు బామ్మర్దీ. ఇంటి మగాళ్ళం మనమిద్దరమే కదా" అన్నాడు. కొట్టులో అందరూ నవ్వారు.

సన్నకత్తి ఆ తాళంచెవిని గాల్లోనే పట్టుకుని జేబులో వేసుకున్నాడు. ఆ క్షణంలో అతని తలలో బస్సు వేళ ఉంది, సంచి ఉంది, బావతో చెప్పాల్సిన అబద్ధం ఉంది. మూట ఎప్పుడో కట్టేశాడు. కట్టేసిన మూటను దెబ్బ తగలకముందే విప్పి చూసే అలవాటు అతనికి ఎప్పుడూ లేదు.

తెల్లారే ఇంట్లోంచి తెచ్చి కొట్టులో దాచిన సంచితో, ఇంటికి వెళ్ళకుండా నేరుగా వచ్చి బస్టాపులో నిలబడ్డాడు. ఎండ వీధి మీద తెల్లటి తోలులా పరుచుకుని ఉంది. ఈపాటికి పాట మొదలై ఉంటుంది. ఈపాటికి వరండా. ఈపాటికి మెట్లు. ఎడమ, దిగు, దిగు అని పెదవులతో అనుకుంటూ సందు చివరి మెట్ల వైపే చూస్తున్నాడు. ఎవరూ దిగలేదు. బస్సు వచ్చింది. కండక్టరు "ఎక్కుతావా, నిలబడతావా?" అని అరిచాడు. బస్సు వెళ్ళిపోయింది.

చెమట తుడుచుకోవడానికి జేబులోంచి రుమాలు లాగబోతే వేలికి చల్లగా ఏదో తగిలింది.

తాళంచెవి.

ఎండలో అతని కళ్ళ ముందు తెల్లటి అక్షరాలు ఒక వరస కదిలాయి. తలుపు మూసి ఉంది.

ఆ తర్వాతిది అతనికి చూడకుండానే తెలిసిపోయింది. నడవాలో గేటుకు లోపలి పక్కన కూడా కుడివైపు ఒక మలుపు ఉంది. అక్కడా చేతికి గోడ తగులుతుంది. దాని చివరా రెండు మెట్లు దిగుడు ఉంది. కింద మోటారు గది. దానికి ఇంకో దారి లేదు.

ఇంట్లో జరిగింది ఇది. బావ స్నానానికి వెళ్ళే ముందు లుంగీ కోసం ట్రంకుపెట్టె తెరిచాడు. పెట్టె సగం ఖాళీగా ఉంది. పాట మొదలవలేదు. కడ్డీ గోడ మూల నుంచి లేచింది. ముందు కళ్ళ మీదే కొట్టాడు. అక్క వంటగది గడప మీద పడి, లేచి, నెత్తురు కారే చీకట్లోకి పరుగెత్తింది. ఎడమ, దిగు, దిగు, తిన్నగా. ఎప్పుడూ లేని ఇనుము మొహానికి తగిలి వెనక్కి పడింది. తల గిర్రున తిరిగింది. లేచింది. ఎక్కడున్నానని మనసు అడిగేలోపే పాదాలు జవాబు చెప్పేశాయి. కుడి, గోడ, రెండు మెట్లు. అన్నీ ఉన్నాయి. ఒక్కటీ తప్పలేదు. వీధి చప్పుడు మాత్రం లేదు.

బావ మెట్లు తీరిగ్గా దిగాడు. కడ్డీ కొస గోడకు రాసుకుంటూ.

సన్నకత్తి సంచితోనే పెద్ద వీధికి అడ్డంగా పరుగెత్తాడు. రెండు మెట్లు ఎక్కాడు, గోడ ఎడమ చేతికి వచ్చింది. ఇన్నేళ్ళలో అతని కాళ్ళు ఈ దారిన బయటికే పరుగెత్తాయి, లోపలికి ఎన్నడూ పరుగెత్తలేదు. ప్రతి అడుగూ తిరగేసుకుంటూ పోవాల్సి వచ్చింది. గేటు దగ్గర చెవిని తలకిందులుగా పెట్టాడు, తాళంలో దూరలేదు. నడవా లోపలి నుంచి చప్పుడు వచ్చింది. మెత్తటిది గట్టిదానికి తగిలిన చప్పుడు. వెనక్కి పోదామా అని కాళ్ళు అడిగాయి. మర్యాదగా, అలవాటుగా అడిగాయి. చెవి తిరిగింది. గేటు తెరుచుకుంది.

మోటారు గదిలో, మోటారు లేని దిమ్మ వెనక, అక్క ముడుచుకుని ఉంది. తల మీద పెట్టుకున్న చేతులు నెత్తుటితో మెరుస్తున్నాయి. బావ మెట్ల మీద నిలబడి ఉన్నాడు. పై అంతస్తుల్లో ఎవరో తలుపు తీసి, మళ్ళీ వేసుకున్నారు.

"వచ్చావా బామ్మర్దీ" అన్నాడు బావ, కొట్టులో వదినలతో మాట్లాడే గొంతుతోనే. "చూశావా మీ అక్క, వీధిలోకి పోదామని ఇందులోకి దూరింది. కళ్ళు లేవు పాపం. సంచి బాగుంది. ఎవరిది?"

"బావా, వదిలెయ్."

"ఏంటీ?"

"వదిలెయ్. మేం పోతాం."

"అన్నం పెట్టా కదరా నీకు" అన్నాడు బావ, నిజంగానే బాధపడ్డట్టు. కడ్డీ లేచింది.

సన్నకత్తి ముంజేయి అడ్డం పెట్టాడు. ఎముక విరిగింది. ఆ చప్పుడు అతనికి బాగా తెలుసు. రోజూ వినే చప్పుడు. తన లోపలి నుంచి వినడం మాత్రం మొదటిసారి. నొప్పి వెంటనే రాలేదు. పిరికిగీత వచ్చింది. అది దాటి చాలా కిందికి దిగిపోయాడని తెలిసింది. కాళ్ళు పరుగెత్తలేదు. వెనక గేటు తెరిచే ఉంది. అయినా పరుగెత్తలేదు.

రెండో దెబ్బ భుజం మీద, మూడోది చెవి పక్కన. కొక్కెం చెంప చీల్చుకుంటూ పోయింది. నోట్లో ఒక పన్ను ఊడి నాలుక మీద దొర్లింది. అతను వంగాడు. బావకు అది లొంగిపోయినట్టు కనిపించి ఉండాలి, నవ్వబోయాడు.

మొండికేసిన పొట్టేలును పడగొట్టాలంటే ఎదురు నిలబడకూడదు. పక్కకు ఒదిగి, దాని కడుపు కింది నుంచి అవతలి కాలు అందుకుని లాగాలి, అదే ఊపులో భుజంతో తోసెయ్యాలి. బావే నేర్పాడు. మిగిలిన చేత్తో సన్నకత్తి ఆ పనే చేశాడు. బావ రెండు మెట్ల మీద నుంచి ఎగిరి దిమ్మ అంచు మీద పడ్డాడు. వీపు విరుచుకుని, గాలి అందక నోరు తెరిచాడు. కడ్డీ నేల మీద మోగుతూ దొర్లింది.

దాన్ని అక్క తడుముకుంది. రెండు చేతుల్తో పట్టుకుని లేచింది. కళ్ళు రెండూ మూసుకుపోయాయి.

"ఎక్కడున్నాడు?"

సన్నకత్తి విరిగిన చేతిని పట్టుకుని గోడకు ఒరిగాడు.

"తలెటుంది, చెప్పరా."

బావ కిందనుంచి "ఒసేయ్" అన్నాడు. అక్క ఆ గొంతు వినబడిన వైపు తిరిగింది. కడ్డీ ఎత్తింది. ఆ ఎత్తులో ఆమె ఎంతసేపు ఉందో అతనికి తెలియదు. తర్వాత దించి, మోకాళ్ళ మీద కూర్చుని, ముందుకు తడిమి, తల తాకి, మెడ తాకి, భుజం మీదుగా కిందికి వచ్చి, నేల మీద చాచి ఉన్న కుడి చేతి మణికట్టును మోకాలి కింద నొక్కి పట్టింది. ఆ చేతి మీద కొట్టింది. బావ అరిచిన అరుపు నడవా అంతా పాకి మెట్లెక్కి పోయింది. మళ్ళీ కొట్టింది. వేళ్ళు ఇక వేళ్ళలా లేవు.

"చాలే అక్కా."

"చాల్లే" అంది ఆమె కూడా. కడ్డీ కింద పడేయలేదు, గోడకు ఆనించింది. ఎవరిదో వస్తువు తిరిగిచ్చినట్టు.

గేటు దాటాక అతను ఒంటి చేత్తో తాళం వేశాడు. తాళంచెవిని సందులోని కాలువలోకి విసిరాడు. అక్క అలవాటు కొద్దీ కుడికి తిరగబోయింది. అతను ఆపాడు.

"ఆగు. నేను చూసి చెప్తా. చెప్పాక వెయ్యి."

ఒక్కో అడుగూ చెప్పుకుంటూ, ఒక్కో అడుగూ వేసుకుంటూ, రెండు మెట్లు దిగి వీధిలోకి వచ్చారు. తర్వాతి బస్సు కండక్టరు వాళ్ళని చూసి నోరు మెదపకుండా వెనక సీటు చూపించాడు.

లాండ్రీ వెనక గది చిన్నది. ఆవిరి వాసన, సబ్బు వాసన. అక్క ఎడమ కంటికి చూపు పూర్తిగా రాలేదు. అన్నీ ఒక పక్కకు తిరిగి చూస్తుంది. సన్నకత్తి కుడి చెయ్యి వంకరగా అతుక్కుంది. కీళ్ళు వెతకడం దానికి ఇక రాదు. తడి దుప్పట్లు పిండి ఆరేస్తాడు. అటునుంచి వచ్చినవాళ్ళు చెప్పారు, బావ ఎడమ చేత్తో పెద్దకత్తి పట్టడం నేర్చుకుంటున్నాడట. కొట్టుకొచ్చిన వదినలతో, పోగొట్టుకున్నవి రెండున్నాయి, వెతుక్కుంటూ వెళ్తా, అని నవ్వుతూ చెబుతున్నాడట.

అది విన్న సాయంత్రం అతను చాలాకాలం తర్వాత ఆట తెరిచాడు. లాండ్రీ లెక్కల కోసం పెట్టిన కంప్యూటరు. ఎడమ చేత్తో, ఒక్కో మీటా వెతుక్కుంటూ.

"వచ్చావా మనవడా! బూడిదకోటకు మళ్ళీ పోదామంటున్నారు. మూట కట్టు" అని రాశాడు తాతయ్య.

"కట్టను. నడుద్దాం."

"నడిస్తే చస్తాం కదరా!"

"చూసుకుంటూ నడుద్దాం" అని రాసి, పిరికిగీత ఉన్న చోటికి వెళ్ళాడు. దాన్ని అడుగుకు దించేశాడు. సున్నా దగ్గర పెట్టాడు. తోకలో ఎవరో నత్త అన్నారు, ఇంకెవరో నత్తే నయం అన్నారు. అతను పట్టించుకోలేదు.

వెనక ఇస్త్రీబల్ల దగ్గర అక్క పని ఆపింది. పెట్టె తీగ పీకలేదు. అది బుసబుసమంటూ ఆవిరి వదులుతోంది. బయట ఎవరో నడిచి వెళ్ళారు. ఇద్దరూ తలలెత్తి, ఆ అడుగులు దూరమయ్యేదాకా విన్నారు.

"ఎక్కడున్నావ్ ఇప్పుడు?" అంది అక్క.

"కోట వాకిట్లో."

"తలుపు చూశావా?"

అతను చూడు అని కొట్టాడు. తెల్లటి అక్షరాలు మెల్లగా వచ్చాయి. తలుపుకు తాళం వేసి ఉంది. అవతల ఎవరో ఊపిరి పీలుస్తున్న చప్పుడు. అతను వెనక్కి వెళ్ళలేదు. వంకర చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎడమ చేత్తో, కత్తి దూయి అని ఒక్కో అక్షరం కొట్టాడు.